రోడ్లు, పనుల కేసుల్లో నగరపాలక సంస్థ తరఫు న్యాయవాది: వకాలతు నుంచి అప్పగింత దాకా

ఉదయం పదింపావు. హైకోర్టు మెట్లు ఎక్కుతుండగా ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. రోడ్డు వెడల్పు పనిలో తన ప్రహరీ గోడను ఈ రోజే కూల్చబోతున్నారంటూ ఒక యజమాని లంచ్ మోషన్ (అదే రోజు విచారించమనే అత్యవసర పిటిషన్) వేశాడని, మధ్యాహ్నం విరామం కాగానే విచారణ అని గుమాస్తా చెబుతాడు. ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఫోను చేస్తే సైటులో ఉన్నానంటాడు, టౌన్‌ప్లానింగ్ అధికారి ఫైలు సర్కిల్ ఆఫీసులో ఉందంటాడు, సర్కిల్ వారు అది నిన్ననే జోనల్ ఆఫీసుకు పోయిందంటారు. న్యాయమూర్తి అడగబోయేది మాత్రం ఒక్కటే ప్రశ్న: నోటీసు ఇచ్చారా, ఇస్తే ఏ తేదీన, అందుకున్నది ఎవరు? దానికి జవాబు చేతిలో ఉన్న న్యాయవాది కేసు నిలబడుతుంది, లేనివాడికి ఎంత చట్టం తెలిసినా స్టే తప్పదు. ఆ జవాబు ఎప్పుడూ చేతిలో ఉండేలా పని ఎలా అమర్చుకోవాలో చెప్పడానికే ఈ మార్గదర్శి. ఉదాహరణలన్నీ ప్రధానంగా హైదరాబాదువి. ఇక్కడ వర్తించేది 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, ఇప్పుడు జీహెచ్‌ఎంసీ చట్టమని పిలుస్తున్నది. విశాఖపట్నానికి 1979లో, విజయవాడకు 1981లో వేరుగా చట్టాలు వచ్చాయి కనుక అక్కడ పనిచేసేవారు సెక్షన్లను తమ చట్టంతో సరిచూసుకోవాలి. పని పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

మొదటి అడుగు: ఏ కుర్చీలో కూర్చుంటున్నారో తేల్చుకోండి

నగరపాలక సంస్థకు న్యాయసేవ చేసేవారు రెండు రకాలు. లా ఆఫీసరు లేదా న్యాయవిభాగం ఉద్యోగి లోపల కూర్చుని నోట్ ఫైలు మీద అభిప్రాయం రాస్తాడు, పారావైజ్ రిమార్కులు (పిటిషన్‌లోని ఒక్కో పేరాకు విభాగం ఇచ్చే జవాబు) తెప్పిస్తాడు, కేసుల రిజిస్టరు చూస్తాడు. స్టాండింగ్ కౌన్సిల్ బయటి న్యాయవాది. నిర్ణీత కాలానికి నియమితుడై, హైకోర్టులోనో సిటీ సివిల్ కోర్టులోనో సంస్థ తరఫున వాదిస్తాడు. బార్ కౌన్సిల్ నియమాల్లో 49వ నియమం ప్రకారం పూర్తికాల జీతం మీద పనిచేసేవాడు న్యాయవాద వృత్తి సాగించరాదు. అయితే ఉద్యోగం పేరు ఏదైనా, ఆ వ్యక్తి పని ప్రధానంగా కోర్టులో వాదించడమే అయితే అతడు న్యాయవాదిగానే కొనసాగుతాడని 2013లో దీపక్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. లోపలి ఉద్యోగంలో చేరేవారు సనదు (బార్ కౌన్సిల్ నమోదు) విషయం చేరేముందే తేల్చుకోవాలి, ఎందుకంటే తరువాత జ్యుడీషియల్ సర్వీసు పరీక్షలకు వెళ్లినప్పుడు వృత్తి అనుభవం లెక్కలో ఇదే తకరారు అవుతుంది.

స్టాండింగ్ కౌన్సిల్ నియామకాల్లో రాజకీయ పరిచయాల పాత్ర ఎంతో బార్‌లో అందరికీ తెలిసిందే. ప్రభుత్వ న్యాయవాదుల ఎంపిక నిష్పాక్షికంగా ఉండాలని 2016లో బ్రిజేశ్వర్ సింగ్ చహల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినా ఆచారం మెల్లగానే మారుతోంది. కొత్తవారికి నా సలహా ఒకటే: ముందు ఒక సీనియర్ స్టాండింగ్ కౌన్సిల్ ఆఫీసులో జూనియర్‌గా రెండు మూడేళ్లు మున్సిపల్ ఫైళ్లు మోయండి. పదవి వచ్చినా రాకపోయినా ఆ చదువు వృథా పోదు.

రెండో అడుగు: ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోండి

కేసు కాగితాలు రాగానే చట్టం పుస్తకం తెరవకండి, పటం తెరవండి. నగరంలో ఒకే వీధిలో నలుగురు యజమానులు ఉంటారు. తారు రోడ్డు కార్పొరేషన్‌ది కావచ్చు, రాష్ట్ర రోడ్లు భవనాల శాఖది కావచ్చు, 65వ నంబరు జాతీయ రహదారి లాంటిదైతే కేంద్రం పరిధిలోకి పోతుంది, ఔటర్ రింగు రోడ్డు మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చేపట్టినది. దాని కింది మురుగు పైపు, మ్యాన్‌హోల్ జలమండలివి, వాననీటి నాలా కార్పొరేషన్‌ది, స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది, సిగ్నలు దగ్గర వాహనాల క్రమబద్ధీకరణ ట్రాఫిక్ పోలీసులది, మధ్యలో లేచిన స్తంభాల వరుస మెట్రోది. 2024లో హైడ్రా (విపత్తు స్పందన, ప్రభుత్వ ఆస్తుల రక్షణ సంస్థ) వచ్చాక ఆక్రమణల తొలగింపు నోటీసు ఎవరి పేరుతో వెళ్లిందన్నది కూడా చూసుకోవలసిన సంగతి అయింది. పిటిషనరు కార్పొరేషన్ కమిషనర్‌ను ఒక్కరినే పార్టీగా చేర్చి, అసలు తవ్వినది జలమండలి అయితే, ఆ మాట మొదటి వాయిదాలోనే చెప్పాలి. ఆర్నెల్ల తరువాత కౌంటర్‌లో (సంస్థ వేసే రాతపూర్వక జవాబులో) చెబితే తప్పించుకోవడానికి వేసిన ఎత్తుగా కనిపిస్తుంది.

మరో చిక్కు పాత రికార్డులది. 2007 ఏప్రిల్ 16న అప్పటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేశారు. అంతకు ముందు వేసిన లేఅవుట్లలో రోడ్లను, పార్కు స్థలాలను పంచాయతీ పేరిటనో మున్సిపాలిటీ పేరిటనో దానపత్రం రాసి ఇచ్చారు. ఆ దస్తావేజు ఇప్పటి సర్కిల్ ఆఫీసు బీరువాలో దొరకకపోవచ్చు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పంచాయతీ పేరిట వెతికిస్తే ధృవీకృత నకలు వస్తుంది. "ఇది మా ప్రైవేటు దారి" అనే దావాల్లో ఆ ఒక్క నకలే సగం కేసు.

మూడో అడుగు: కేసు రాకముందే ఫైలును కోర్టుకు సిద్ధం చేయించండి

ఈ అడుగు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలవక తప్పదు, ఎందుకంటే నగరపాలక సంస్థలు ఓడిపోయే కేసుల్లో చాలావరకు వాదన బలహీనమై కాదు, కాగితం లేక ఓడిపోతాయి.

ఇంజినీరింగ్ విభాగంలో కింది నుంచి పైకి ఏఈ, డీఈ, ఈఈ, ఎస్ఈ అనే ఇంజినీర్ల వరుస ఉంటుంది. మీకు పనికొచ్చే సాక్ష్యం ఎప్పుడూ ఏఈ దగ్గరే పుడుతుంది. ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలత రాసేది అతడే, గోడ మీద మార్కింగు వేయించేది అతడే, నోటీసు అతికించేటప్పుడు పక్కన నిలబడేది టౌన్‌ప్లానింగ్ సూపర్‌వైజరుతో పాటు చాలాసార్లు అతడే. కనుక పదవిలో చేరిన మొదటి నెలలోనే ఒక్కో సర్కిల్‌కు వెళ్లి ఏఈలతో గంటసేపు కూర్చోండి. ఉపన్యాసం వద్దు, నాలుగు అలవాట్లు నేర్పితే చాలు. నోటీసు పుచ్చుకున్నవారి పేరు, యజమానితో బంధుత్వం, సంతకం, తేదీ, సమయం రాయించాలి. తీసుకోనంటే ఇద్దరు సాక్షులతో పంచనామా రాసి, అతికించిన నోటీసు, ఇంటి నంబరు రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయాలి. కొలత ఎక్కడి నుంచి మొదలైందో రాయకుండా కొలత రాయకూడదు. ఫోనులో తీసిన ఫొటోలను ఆ ఫోనులోనే ఉంచాలి, వాట్సాప్‌లో పంపి అసలువి చెరిపేయకూడదు.

ఈ చివరి మాట వెనుక చట్టం ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధృవపత్రం జతపరచాలి. అందులో పరికరాన్ని వాడినవారు నింపే భాగం ఒకటి, నిపుణుడు నింపేది మరొకటి. పాత సాక్ష్య చట్టం 65బీ ధృవపత్రంలా ఎవరో ఒకరు సంతకం పెట్టేస్తే సరిపోదు. తీసిన ఏఈ బదిలీ అయిపోయి, ఫోను మార్చేశాక ఆ కాగితం కోసం తిరగడం ఎంత కష్టమో ఒకసారి తిరిగినవారికి తెలుస్తుంది.

కొలత సంగతి నా అనుభవంలోదే చెబుతాను, సంస్థ పేరు అనవసరం. అరవై అడుగుల రోడ్డుకు ఇరువైపులా ముప్పై అడుగులు కొలవాలి. పిటిషనరు కొట్టు గడప ఇరవై ఆరో అడుగు దగ్గర వస్తోందని మా కౌంటర్‌లో రాశాం. స్థలం చూసి నివేదిక ఇవ్వడానికి కోర్టు అడ్వొకేట్ కమిషనర్‌ను పంపింది. ఆయన టేపు ఒక కొసను డివైడరు మధ్యలో పెట్టమన్నాడు, మా వారు పాత తారు రోడ్డు మధ్యగీత దగ్గర పెట్టాలన్నారు. రెండింటికీ తేడా దాదాపు నాలుగు అడుగులు. డివైడరు కట్టినప్పుడు రోడ్డుకు ఒక పక్కకు జరిపి కట్టారట, ఆ సంగతి ఫైలులో ఎక్కడా లేదు. కొట్టతను టేపు పట్టుకుని గడప మీద కూర్చుని మా మొహాలు చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు నుంచి మధ్యరేఖ ఎక్కడో చూపించే స్కెచ్, దాని మీద సర్వేయరు సంతకం లేకుండా నేను రోడ్డు వెడల్పు కౌంటర్ మీద సంతకం పెట్టలేదు.

నాలుగో అడుగు: భూమి తీసుకునే దారి సరైనదో కాదో పరీక్షించండి

రోడ్డు వెడల్పులో మూడు దారులున్నాయి. జీహెచ్‌ఎంసీ చట్టం 146వ సెక్షన్ కింద యజమానితో ఒప్పందం చేసుకుని తీసుకోవడం మొదటిది. ఒప్పందం కుదరకపోతే 147వ సెక్షన్ మీదుగా భూసేకరణ చట్టానికి వెళ్లడం రెండోది. కొత్తగా ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అడిగినప్పుడు మాస్టర్ ప్లాన్ రోడ్డుకు పోయే భాగాన్ని యజమాని చేత వదిలించుకోవడం మూడోది. మొదటి దారిలో డబ్బుకు బదులు టీడీఆర్ హక్కుపత్రం (పోయిన భూమికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు) ఇవ్వడం ఇప్పుడు వాడుక. యజమానికి ఇష్టమైతే అది చక్కటి మార్గమే, కానీ ఇష్టం అన్నమాట కాగితం మీద ఉండాలి. "టీడీఆర్ ఇస్తామన్నాం, కనుక గోడ కూల్చాం" అన్న వాదన ఏ కోర్టులోనూ నిలవదు. యజమాని టీడీఆర్ వద్దని నష్టపరిహారమే అడిగితే రెండో దారి తప్ప మరొకటి లేదని మీ అభిప్రాయంలో నిష్కర్షగా రాయండి. ఇంజినీర్లకు ఆ మాట నచ్చదు. పనికి గడువు దగ్గరపడిందనీ, కాంట్రాక్టరు యంత్రాలు తెచ్చి పెట్టాడనీ అంటారు. అయినా రాయాలి.

2024 మే 16న కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్, బిమల్ కుమార్ షా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ప్రతి మున్సిపల్ న్యాయవాది పూర్తిగా చదవాలి. రాజ్యాంగంలోని 300ఏ అధికరణం కింద ఆస్తిహక్కులో ఏడు అంశాలున్నాయని కోర్టు విడమరిచింది: ముందు తెలియజేయడం, అభ్యంతరం వినడం, కారణాలతో నిర్ణయం ఇవ్వడం, ప్రజాప్రయోజనం ఉండటం, న్యాయమైన పరిహారం, ప్రక్రియ సమర్థంగా జరగడం, చివరికి భూమి స్వాధీనం కావడంతో అది ముగియడం. కార్పొరేషన్ నమ్ముకున్న సెక్షన్ అసలు భూసేకరణ అధికారమే ఇవ్వదని తేల్చి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. మీ సంస్థ ఏ సెక్షన్ పేరు చెప్పి గోడ దగ్గరకు వెళుతోందో, ఆ సెక్షన్ నిజంగా ఆ అధికారం ఇస్తుందో లేదో ఈ తీర్పు పక్కన పెట్టుకుని చూడండి.

భూసేకరణకే వెళితే 2013 చట్టంలోని లెక్క కమిషనర్‌కు ముందే వివరించాలి. మార్కెట్ విలువ మీద నూటికి నూరు శాతం సొలేషియం (బలవంతపు సేకరణకు ఇచ్చే ఊరట సొమ్ము), సామాజిక ప్రభావ అధ్యయన నోటిఫికేషన్ నుంచి అవార్డు (పరిహారం నిర్ణయించే ఉత్తర్వు) లేదా స్వాధీనం దాకా ఏడాదికి 12 శాతం అదనపు మొత్తం కలుస్తాయి. అవార్డు తక్కువగా ఉందనుకునే యజమాని 64వ సెక్షన్ కింద రిఫరెన్సు, అంటే వివాదాన్ని విచారణకు పంపమని, అడుగుతాడు, ఆ తీర్పు మీద 74వ సెక్షన్ కింద 60 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవాలి. తెలంగాణ ఈ చట్టానికి తన సవరణలు చేసుకుంది కాబట్టి కేంద్ర చట్టం పుస్తకం ఒక్కటే చూసి అభిప్రాయం రాయకండి.

ఎప్పుడో ముప్పై నలభై ఏళ్ల కింద రోడ్డు వేసేసి పరిహారం ఇవ్వని భూముల కేసులూ వస్తాయి. వాటిలో కాలాతీతమైందనో, అనుభవ హక్కు వచ్చిందనో వాదించమని ఎవరైనా ఒత్తిడి చేస్తే 2020లో వచ్చిన విద్యాదేవి తీర్పు చూపించండి. హిమాచల్‌లో 1967-68లో రోడ్డు కోసం భూమి పోగొట్టుకున్న, చదువురాని ఎనభై ఏళ్ల వితంతువుపై ప్రభుత్వం చేసిన ఆ వాదనను సుప్రీంకోర్టు గట్టిగా తిరస్కరించి పరిహారం ఇప్పించింది. ఇలాంటి కేసులో రాజీకి రాయడమే న్యాయవాది చేయగల మంచి పని.

అయిదో అడుగు: ఆక్రమణల కేసుల్లో వేరు వేరు వాటిని ఒకే గాటన కట్టకండి

సొంత స్థలంలో అనుమతి లేకుండా కట్టిన అంతస్తు వేరు, రోడ్డు మీదికి చొచ్చుకొచ్చిన మెట్లు వేరు, ఫుట్‌పాత్ మీది బండి వేరు, కూడలిలో వెలసిన విగ్రహం వేరు. మొదటిదానికి జీహెచ్‌ఎంసీ చట్టం 452వ సెక్షన్ నోటీసు, సంజాయిషీ, 636వ సెక్షన్ ఉత్తర్వు అనే క్రమం పాటించాలి. 2024 నవంబరు 13న కూల్చివేతలపై సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం కనీసం 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, కట్టడం మీద కూడా అతికించాలి. ఉల్లంఘించిన అధికారి సొంత జేబు నుంచి నష్టం చెల్లించవలసి రావచ్చు. ఆ ఆదేశాలు రోడ్డు, వీధి, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు వర్తించవని అదే తీర్పు చెప్పింది. కానీ ఆ మినహాయింపును మీ అధికారులు మరీ సాగదీయకుండా చూడండి. ఫుట్‌పాత్ మీద ఉన్న భాగమెంతో, పట్టా స్థలంలో ఉన్నదెంతో స్కెచ్ లేకుండా మినహాయింపు అడగలేరు.

బండి పెట్టుకునేవారి విషయంలో 2014 వీధి విక్రేతల చట్టం ఉంది. సర్వే పూర్తి చేసి ధృవపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదని 3వ సెక్షన్ అంటుంది, తరలించాలంటే 18వ సెక్షన్ కింద 30 రోజుల నోటీసు ఇవ్వాలి. మరోపక్క అడ్డంకిలేని ఫుట్‌పాత్ పాదచారికి 21వ అధికరణం కింద హక్కేనని 2025 మేలో రాజశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. రెండు హక్కుల నడుమ తూకం పట్టవలసింది పట్టణ విక్రయ కమిటీ. మీ నగరంలో ఆ కమిటీ చివరిగా ఎప్పుడు సమావేశమైందో అడిగి చూడండి, దానితో మీ కేసు బలమెంతో తెలిసిపోతుంది.

విగ్రహాల సంగతి మన రాష్ట్రాల్లో ప్రత్యేకం. ప్రజా రహదారుల మీద, కూడళ్లలో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని 2013 జనవరి 18న, కొత్తగా అనధికార ప్రార్థనా కట్టడాలను రానివ్వకూడదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చింది. రాత్రికి రాత్రే దిమ్మె లేచిందని తెలిస్తే ముసుగు తీసే రోజు దాకా ఆగకుండా, దిమ్మె దశలోనే ఆ ఉత్తర్వుల నకళ్లతో కమిషనర్‌కు లేఖ రాయండి. ముసుగు తీసిన తరువాత అది న్యాయవాది చేతిలో ఉండే సమస్య కాదు.

ఆరో అడుగు: టెండరు కేసులో వేగంగా కదలండి

ఫ్లైఓవరు, నాలా, రోడ్ల నిర్వహణ పనుల టెండర్లలో ఓడిన బిడ్డరు రిట్ వేస్తాడు. ఇక్కడ చట్టం సంస్థకు అనుకూలంగానే ఉంది. నిర్ణయం దురుద్దేశంతోనో, ఏ వివేకవంతుడూ తీసుకోనంత నిర్హేతుకంగానో జరిగిందా, దానివల్ల ప్రజాప్రయోజనం దెబ్బతిన్నదా అన్నవే పరీక్షలని 2006లో జగదీశ్ మండల్ కేసు చెప్పింది. నిర్మాణ పనులను స్టే చేయడం కంటే నష్టపరిహారం వైపు చూడటం మేలని 2022లో ఎన్‌జీ ప్రాజెక్ట్స్ కేసు చెప్పింది. నిర్దిష్ట పరిష్కార చట్టంలో 2018లో చేర్చిన 20ఏ సెక్షన్ ప్రకారం, షెడ్యూలులోని మౌలిక సదుపాయాల పనికి ఆటంకం కలిగించే ఇంజంక్షన్ ఇవ్వకూడదు. రోడ్లు, వంతెనలు ఆ షెడ్యూలులో ఉన్నాయి.

ఇంత అనుకూలత ఉన్నా ఓడిపోయేది ఎక్కడంటే, సాంకేతిక బిడ్‌ను తిరస్కరించిన కారణం మినిట్స్‌లో రాయనప్పుడు. కారణాన్ని కౌంటర్‌లో కొత్తగా పుట్టించలేరు. కనుక టెండరు కమిటీ మినిట్స్ మీద సంతకాలు కాకముందే ఒకసారి చూపించమని కోరండి.

ఏడో అడుగు: కాంట్రాక్టరు వివాదంలో తేదీలను కాపాడండి

పని పూర్తయ్యాక వచ్చే వివాదాలు దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి. సైటు సకాలంలో అప్పగించలేదు, విద్యుత్ స్తంభాలు జరపలేదు, అందుకే ఆలస్యమైంది, కనుక ధరల పెరుగుదల, ఖాళీగా ఉన్న యంత్రాల ఖర్చు ఇవ్వాలి అంటాడు కాంట్రాక్టరు. పని నిదానంగా చేశాడు కనుక జరిమానా కోస్తాం అంటుంది విభాగం. నిజం సాధారణంగా మధ్యలో ఉంటుంది. దాన్ని చూపించేది అడ్డంకుల రిజిస్టరు: ఏ తేదీన ఏ అడ్డంకి వచ్చింది, ఏ తేదీన తొలగింది, ఇరుపక్షాల సంతకాలు. ఆ రిజిస్టరు లేకుండా గడువు పొడిగింపు ఉత్తర్వులు మాత్రమే ఉంటే, ఆలస్యం మీదేనని మీరే ఒప్పుకున్నట్టు ఆర్బిట్రేటరు (వివాదం తేల్చే మధ్యవర్తి) తీసుకుంటాడు. ఏ హక్కునూ వదులుకోకుండా పొడిగిస్తున్నామన్న ఒక్క వాక్యం పొడిగింపు ఉత్తర్వులో ఉందో లేదో చూడండి.

కాంట్రాక్టు ప్రతిలో రెండు క్లాజులు మొదట చదవాలి. తెలుగు రాష్ట్రాల పనుల ప్రామాణిక నిబంధనల్లో ఆలస్యానికి ఒకరినుంచి ఒకరు పరిహారం కోరరాదనే 59వ క్లాజు ఒకటి. కాంట్రాక్టరు క్లెయిములకు మీ మొదటి రక్షణ ఇదే. రెండోది వివాద పరిష్కార క్లాజు. ఆర్బిట్రేషన్ ఉందా, ఉంటే ఎంత మొత్తం దాకా, లేక సివిల్ కోర్టుకే వెళ్లాలా అన్నది అక్కడే తేలుతుంది. ఆర్బిట్రేటరును కమిషనరో ఎస్ఈనో తానే నియమిస్తాననే పాత క్లాజు ఉంటే దాన్ని పట్టుకుని వేలాడకండి. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఏకపక్ష నియామకం సమానత్వానికి విరుద్ధమని 2024 నవంబరు 8న రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అలా నియమించిన ఆర్బిట్రేటరు ఇచ్చిన అవార్డు మీకు అనుకూలమైనా నిలవదు.

అవార్డు (ఆర్బిట్రేటరు తీర్పు) వ్యతిరేకంగా వస్తే ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద సవాలు చేయడానికి గడువు మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో 30 రోజులు, ఆ తరువాత ఒక్క రోజు కూడా లేదు. 2001లో పాపులర్ కన్‌స్ట్రక్షన్ కేసు నుంచి ఇది స్థిరమైన చట్టం. మూడు నెలలంటే 90 రోజులు కాదు, క్యాలెండరు నెలలే లెక్కించాలని 2010లో హిమాచల్ టెక్నో ఇంజినీర్స్ కేసు చెప్పింది. అయినా మీ డైరీలో 90వ రోజే రాసుకోండి, ఆ తేడా మీ ప్రాణవాయువు. అవార్డు ప్రతి సంస్థలో ఏ విభాగానికి, ఏ తేదీన చేరిందో ఇన్‌వార్డు ముద్రతో సహా అదే రోజు నకలు తెప్పించుకోండి. ఫైళ్లు బల్లలు మారడం వల్ల ఆలస్యమైందన్న సాకు ఇక చెల్లదని 2012లో చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

దరఖాస్తు వేసినంత మాత్రాన అవార్డు అమలు ఆగదు. 36వ సెక్షన్ కింద వేరుగా స్టే అడగాలి. ప్రభుత్వ సంస్థ కనుక డిపాజిట్ నుంచి మినహాయింపు అనే వాదన 2019లో పామ్ డెవలపర్స్ తీర్పుతో పోయింది. కాబట్టి డిపాజిట్ మొత్తం కోసం ఫైనాన్స్ విభాగానికి అవార్డు వచ్చిన వారంలోనే రాయండి. బడ్జెట్ హెడ్ వెతకడానికి నెల పడుతుంది.

కోర్టులో వేసే దావా వాణిజ్య వివాదమైతే, విలువ 3 లక్షలు దాటితే, వాణిజ్య కోర్టుకు పోతుంది. అక్కడ సమన్లు అందిన 120 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయకపోతే హక్కు శాశ్వతంగా పోతుంది. మామూలు సివిల్ కోర్టు సడలింపుకు అలవాటుపడ్డ ఆఫీసులు ఇక్కడే బోల్తా పడతాయి.

ఎనిమిదో అడుగు: ప్రమాదాల కేసులో ముందు మనిషిని, తరువాత చట్టాన్ని చూడండి

గుంతలో పడిన బైకు, తెరిచి ఉంచిన మ్యాన్‌హోల్, విరిగిన చెట్టు, కూలిన గోడ. 1966లో సుభగ్‌వంతి కేసులో ఢిల్లీ చాందినీ చౌక్ గడియార స్తంభం కూలి మనుషులు చనిపోతే, దాని బాగోగులు చూడవలసిన మున్సిపల్ సంస్థే బాధ్యురాలని సుప్రీంకోర్టు తేల్చింది. అలాంటి గారతో కట్టిన కట్టడానికి నలభై, నలభై అయిదేళ్ల ఆయుష్షు, స్తంభానికేమో ఎనభై ఏళ్లు దాటాయి. మరోవైపు 1997లో రాజ్‌కోట్ కేసులో రోడ్డు పక్క చెట్టు కూలి ఒక మనిషి చనిపోతే కార్పొరేషన్‌కు బాధ్యత లేదన్నది. రెండింటికీ నడుమ గీత ఎక్కడుందంటే, ప్రమాదం పసిగట్టదగినదా, తనిఖీ చేయవలసిన బాధ్యత స్పష్టంగా ఉందా అన్నదగ్గర. అందుకే తనిఖీ రిజిస్టరు మీకు కవచం. అది లేకపోతే రాజ్‌కోట్ తీర్పు చదవడం దండగ.

"నిధులు లేవు" అనే మాటను కౌంటర్‌లో ఎప్పుడూ రాయకండి. 1980లో రత్లాం మున్సిపాలిటీ కేసులో ఆ వాదనను తోసిపుచ్చారు, ఇప్పటికీ ఆ తీర్పే ఎదురువాదులు ముందు తీసేది. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ కింద రోడ్డు రూపకల్పన, నిర్వహణ ప్రమాణాలు పాటించక మరణమో వైకల్యమో కలిగితే సంబంధిత సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. మురుగుకాలువలోకి మనిషిని దింపి అతడు చనిపోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరు 20న బలరాం సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. దింపినది సబ్‌కాంట్రాక్టరు అన్న జవాబుతో చేతులు దులుపుకోలేరు. ఇలాంటి కేసులో మొత్తాన్ని మొదట కుటుంబానికి ఇచ్చి, తరువాత కాంట్రాక్టరు బిల్లుల నుంచి రాబట్టుకోమని సలహా ఇవ్వండి. డిఫెక్ట్ లయబిలిటీ కాలం (లోపాలను కాంట్రాక్టరే సరిచేయవలసిన కాలం) ఇంకా నడుస్తుంటే సెక్యూరిటీ డిపాజిట్ విడుదల ఆపమని అదే లేఖలో రాయండి.

తొమ్మిదో అడుగు: మధ్యంతర ఉత్తర్వు దగ్గర నిద్రపోకండి

రిట్ కాగితాలు మీ ఆఫీసులో సర్వ్ కాగానే మూడు పనులు అదే రోజు జరగాలి: సంబంధిత ఈఈకి, డిప్యూటీ కమిషనర్‌కు నకలు, ఇన్‌స్ట్రక్షన్లు కోరుతూ లేఖ, పని ప్రస్తుత స్థితి మీద ఒక ఫొటో. స్టేటస్ కో (ఉన్నది ఉన్నట్టే ఉంచమనే ఉత్తర్వు) వస్తే ఆ మాట ఫోనులో చెప్పి ఊరుకోకుండా, ఉత్తర్వు ప్రతి అందకముందే రాతపూర్వకంగా తెలపండి. కోర్టు ధిక్కరణ కేసుల్లో చాలావాటికి మూలం దురుద్దేశం కాదు. ఉత్తర్వు వచ్చిన సాయంత్రమే సైటులో జేసీబీ నడుస్తూ ఉండటం, ఆ డ్రైవరుకు ఎవరూ చెప్పకపోవడం.

ఏకపక్షంగా వచ్చిన స్టేను ఎత్తివేయాలని పిటిషన్ వేస్తే రెండు వారాల్లో తేల్చాలని 226వ అధికరణంలోనే ఉంది. ఆరు నెలలకు స్టే దానంతట అదే పోతుందన్న 2018 నాటి సూత్రాన్ని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 29న తోసిపుచ్చింది కనుక దాని మీద ఆధారపడి పని మొదలుపెట్టమని ఎవరికీ చెప్పకండి. సివిల్ కోర్టులో అయితే, కేసు వస్తుందని ముందే తెలిస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ సెక్షన్ కింద కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దనే విన్నపం) వేయండి, అది 90 రోజులు నడుస్తుంది. మార్కింగు వేసిన మరుసటి రోజే వేయాల్సిన కాగితం అది.

పదో అడుగు: ఓడిపోయే కేసును ఓడిపోతుందని రాయండి

సంస్థలో ఎవరికీ నచ్చని పని ఇది. అప్పీలు చేయకపోతే విజిలెన్సు అడుగుతుందేమోనన్న భయంతో ప్రతి తీర్పు మీదా అప్పీలు వేయమంటారు. మీ అభిప్రాయంలో తీర్పు తేదీ, అప్పీలు గడువు ముగిసే తేదీ, గెలిచే అవకాశం, అప్పీలు వేస్తే పెరిగే వడ్డీ లెక్క, ఈ నాలుగూ ఒకే పేజీలో ఉంచండి. వడ్డీ అంకె చూసిన తరువాత చాలామంది అధికారులు తామే మెత్తబడతారు. నోట్ ఫైలు సమాచార హక్కు కింద రేపు ఎదుటివారి చేతికి రావచ్చునన్న ఎరుకతో ప్రతి వాక్యం రాయండి. వ్యక్తుల మీద వ్యాఖ్యలు ఫైలులో వద్దు.

చివరి అడుగు: పదవి ముగిసే రోజు

పదవీకాలం ముగిసినప్పుడు, లేదా ప్రభుత్వం మారి నియామకం రద్దయినప్పుడు, కేసులన్నీ ఒక్క వారంలో కొత్తవారికి వెళ్లాలి. ప్రతి ఫైలుకూ అట్ట మీద ఒక చీటీ అంటించండి: కేసు నంబరు, వచ్చే వాయిదా, ఉన్న మధ్యంతర ఉత్తర్వు, వేయవలసిన కౌంటర్, మీద పడబోయే గడువు తేదీ. 34వ సెక్షన్ గడువు నడుస్తున్న ఫైళ్లను విడిగా ఎర్ర రిబ్బనుతో కట్టి, లా ఆఫీసరు సంతకం తీసుకుని చేతికివ్వండి. వకాలతు మార్పుకు అభ్యంతరం లేదని ప్రతి కేసులో రాసివ్వండి. రావలసిన ఫీజు బిల్లులు ఆ తరువాత అడగవచ్చు, దానికోసం ఫైలు ఆపవద్దు. అప్పగింత జాబితా రెండు ప్రతులు తీసి, ఇన్‌వార్డు ముద్ర వేయించిన ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి.